రీఫింగ్ తాళ్లకు చెరిగిపోని గుర్తులు: కొలత నుంచి కుట్టు దాకా

తెరచాప పడవలో గాలి పెరుగుతున్నప్పుడు మెయిన్ సెయిల్‌ను (ప్రధాన తెరచాపను) రీఫ్ చేయడంలో, అంటే కుదించడంలో, ఎక్కువ ఆలస్యం ఒక్కచోటే జరుగుతుంది: హాల్యార్డ్‌ను (సెయిల్‌ను పైకెత్తే తాడును) ఎంత వదలాలో తెలియకపోవడం. తక్కువ వదిలితే ట్యాక్ కన్ను (సెయిల్ ముందు అంచున రీఫ్ కోసం ఉండే రంధ్రం) బూమ్ (సెయిల్ అడుగున అడ్డంగా ఉండే కర్ర) మొదట్లోని హుక్ దాకా రాదు. మాస్ట్ (సెయిల్ నిలబడే స్తంభం) దగ్గరున్న మనిషి "ఇంకా, ఇంకా" అని అరిచినా గాలి హోరులో కాక్‌పిట్‌కు (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటికి) వినపడదు. ఎక్కువ వదిలితే సెయిల్ సంచిలా వేలాడి కొట్టుకుంటుంది, మళ్లీ పైకి లాగేటప్పుడు బ్యాటెన్ (సెయిల్‌లోని సన్న బద్ద) వెళ్లి లేజీ జాక్‌లో (దించిన సెయిల్‌ను పట్టి ఉంచే తాళ్లలో) ఇరుక్కుంటుంది.

తాడు మీద సరైన చోట ఒక గుర్తు ఉంటే ఈ గొడవ ఉండదు. కానీ పెన్నుతో గీసింది వెలిసిపోతోంది, టేపు జారిపోతోంది, ఏ తాడుకు ఎక్కడ వేయాలో తెలియడం లేదు అంటూ చాలామంది అడుగుతున్నారు. అందుకే పనంతా వరసగా రాస్తున్నాను. తాళ్లన్నీ కాక్‌పిట్‌లోకి వచ్చే, మామూలు స్లాబ్ రీఫింగ్ (సెయిల్ అడుగు భాగాన్ని బూమ్ మీదికి దించి కట్టే పద్ధతి) ఉన్న పడవను దృష్టిలో పెట్టుకున్నాను. తాళ్లు మాస్ట్ దగ్గరే ఆగే పడవకూ పద్ధతి ఇదే. క్లచ్ (తాడును పళ్లతో పట్టి ఆపే బిగింపు) అన్నచోట మాస్ట్ మీది క్లీట్ (తాడు చుట్టి కట్టే కొమ్ము) లేదా వించ్ (తాడు చుట్టి, తిప్పి లాగే డ్రమ్ము) అనుకోండి.

## 1. ఏ తాళ్లకు గుర్తు కావాలి

అన్నిటికీ వద్దు. గుర్తులు ఎక్కువైతే చీకట్లో ఏది ఏమిటో తేల్చుకోవడమే పెద్ద పని అవుతుంది. ముఖ్యమైన వరస ఇది:

- మెయిన్ హాల్యార్డ్: ప్రతి రీఫ్‌కు ఒక్కో గుర్తు. మీరు ఒకే తాడుకు గుర్తు వేయగలిగితే అది దీనికే వేయండి.
- క్లూ (సెయిల్ వెనక కింది మూల) రీఫ్ తాళ్లు: ఒక్కోదానికి ఒక్కటి. క్లూ కన్ను బూమ్‌ను తాకిందా లేదా అన్నది కాక్‌పిట్ నుంచి, ముఖ్యంగా రాత్రిపూట, కనిపించదు.
- టాపింగ్ లిఫ్ట్ (బూమ్ వెనక కొసను పైనుంచి మోసే తాడు): బూమ్‌ను మోసే గట్టి వ్యాంగ్ (మాస్ట్ అడుగునుంచి బూమ్‌ను కిందికి లాగి ఉంచే అమరిక) లేని పడవకు మాత్రమే.
- జెనోవా (పెద్ద జిబ్) ఫర్లింగ్ తాడు, అంటే దాన్ని చుట్టే తాడు: చుట్టే జిబ్ (ముందు సెయిల్) ఉంటేనే.

మెయిన్ షీట్‌కు (బూమ్‌ను లోపలికి లాగే తాడుకు), వ్యాంగ్‌కు రీఫింగ్ గుర్తులు అక్కర్లేదు. వాటిని సెయిల్‌ను చూసే సరిచేయాలి.

## 2. దేనితో గుర్తు వేయాలి

పర్మనెంట్ మార్కర్: కొలత వేసేటప్పుడు బాగా పనికొస్తుంది. ఎండకు, ఉప్పునీటికి, క్లచ్ రాపిడికి నిలవదు. పైగా సిరా పోగుల వెంట పాకి, సన్నటి గీత రెండు వేళ్ల మరకలా మారుతుంది.

ఇన్సులేషన్ టేపు: ఎండకు జిగురు కరిగి జారుతుంది. జారిన గుర్తు అసలు గుర్తు లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే మీరు దాన్ని నమ్ముతారు.

వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం: క్లచ్‌లో పట్టేస్తుంది, కప్పీల్లో ఇరుక్కుంటుంది. కదిలే తాళ్లకు వద్దు.

మైనం పూసిన పాలిస్టర్ దారంతో కుట్టు: నా ఓటు దీనికే. తాడులో భాగమైపోతుంది, జారదు, క్లచ్‌లోంచీ కప్పీలోంచీ సాఫీగా పోతుంది. చూపు ఆననప్పుడు వేలికి తగులుతుంది. పాలిస్టర్ ఎండను బాగా తట్టుకుంటుంది, అందుకే నూలు దారం కాకుండా ఇదే తీసుకోండి. నైలాన్ దారం సాగుతుంది, కుట్టు వదులవుతుంది.

## 3. కావలసినవి

- [ ] 0.8 నుంచి 1 మిల్లీమీటరు మందం ఉన్న మైనం పూసిన పాలిస్టర్ దారం, తాడు రంగులో కలిసిపోనిది
- [ ] సెయిల్ కుట్టే సూదులు రెండు (ఒకటి విరిగినా పని ఆగదు)
- [ ] అరచేతికి తొడుక్కునే తోలు పట్టీ. లేకపోతే సూదిని లాగడానికి చిన్న పట్టకారు
- [ ] పేపర్ టేపు, మార్కర్, కొలత టేపు
- [ ] పదునైన కత్తెర
- [ ] కొలతలు రాసుకోవడానికి పుస్తకం

## 4. తాడును సిద్ధం చేయడం

కొత్త తాడుకు వెంటనే గుర్తు వేయకండి. అల్లిక సర్దుకుని, ముడులు బిగుసుకునేదాకా తాడు పొడవు మారుతూనే ఉంటుంది. కొన్నిసార్లు మంచి గాలిలో వాడాక వేయండి. 10 మీటర్ల తాడు ఒక్క శాతం సాగినా 10 సెంటీమీటర్లు. ట్యాక్ కన్ను హుక్‌కు అందడానికీ అందకపోవడానికీ ఆ కాస్త తేడా చాలు.

పాత తాడైతే మంచినీళ్లలో నానబెట్టి, ఉప్పు వదిలేదాకా జాడించి ఆరబెట్టండి. ఉప్పు పట్టిన తాడు గట్టిగా ఉండి సూది దిగదు, ఎప్పుడూ చెమ్మగా ఉండి కొలత గీత కూడా సరిగా పడదు.

తర్వాత తాడు మొత్తాన్ని వేళ్ల మధ్యనుంచి పోనివ్వండి. పోగులు తెగి నూగు లేచినచోట, లోపల గుజ్జులా మెత్తగా తగిలినచోట గుర్తు సంగతి తర్వాత, ముందు ఆ తాడును మార్చాలి.

## 5. గుర్తు ఎక్కడికి రావాలి: ముందే తేల్చుకోండి

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. కొలిచేముందే రెండు విషయాలు నిర్ణయించుకోవాలి.

మొదటిది, క్లచ్‌కు ఏ పక్క. గుర్తు రావడం ముందే కంటికి కనబడాలి. దాటిపోయాక కనబడితే ఏం లాభం? అందుకని:

- వదిలే తాడుకు (హాల్యార్డ్) గుర్తు క్లచ్‌కు కాక్‌పిట్ వైపు అంచు దగ్గర ఆగేలా వేయండి. తాడు వించ్ మీదనుంచి క్లచ్ వైపు కదులుతుంటే గుర్తు మీ కళ్లముందే వెళ్లి అంచుకు చేరుతుంది.
- లాగే తాడుకు (రీఫ్ తాడు, ఫర్లింగ్ తాడు) క్లచ్‌కు మాస్ట్ వైపు, అంచుకు ఒక 5 సెంటీమీటర్లు ముందు ఆగేలా వేయండి. గుర్తు డెక్ మీదుగా మీవైపు వస్తూ కనిపిస్తుంది.

ఇందులో ఇంకో మేలు ఉంది. ఏ గుర్తూ క్లచ్ పళ్ల కింద నిలబడదు. పళ్ల కిందే ఉండే కుట్టు త్వరగా నలిగి తెగుతుంది.

రెండోది, కొలిచేటప్పుడు తాడు మీద ఎంత లాగుడు ఉండాలి. గుర్తును చూసే క్షణంలో తాడు ఏ స్థితిలో ఉంటుందో, కొలిచేటప్పుడూ అదే స్థితిలో ఉండాలి. హాల్యార్డ్ గుర్తు చూసేసరికి తాడు దాదాపు వదులుగా ఉంటుంది, కాబట్టి వదులుగానే కొలవాలి. రీఫ్ తాడు గుర్తు చూసేసరికి వించ్‌తో బిగించి ఉంటుంది, కాబట్టి బిగించే కొలవాలి. రెండింటినీ ఒకేలా కొలిస్తే ఏదో ఒకటి తప్పుతుంది.

## 6. కొలత వేయడం

గాలి దాదాపు లేని పూట, పడవను కట్టేసి, ముక్కు గాలికి ఎదురుగా ఉంచి మొదలుపెట్టండి. ఇద్దరుంటే సుఖం: ఒకరు మాస్ట్ దగ్గర, ఒకరు క్లచ్ దగ్గర.

1. మెయిన్ షీట్, వ్యాంగ్ వదులు చేయండి. టాపింగ్ లిఫ్ట్‌తో బూమ్‌ను అడ్డంగా ఉన్న స్థితికి కాస్త పైకి ఎత్తండి. టాపింగ్ లిఫ్ట్‌కు గుర్తు కావాలంటే ఇదే సమయం.
2. సెయిల్‌ను పూర్తిగా ఎక్కించండి.
3. హాల్యార్డ్ లాగుడును వించ్ మీదికి తీసుకున్నాకే క్లచ్ తెరవండి. మెల్లగా వదలండి.
4. మొదటి రీఫ్ ట్యాక్ కన్ను హుక్‌కు ఏ బలవంతం లేకుండా తగిలేంతవరకూ దించండి. లఫ్ (మాస్ట్ వెంట ఉండే అంచు) మీద స్లైడ్లు (సెయిల్‌ను మాస్ట్‌కు పట్టి ఉంచి జారే ముక్కలు) ఒకదానిమీద ఒకటి పేరుకుని కన్నును ఆపుతుంటే సర్దండి.
5. అక్కడినుంచి ఇంకో 5 నుంచి 10 సెంటీమీటర్లు వదలండి. ఊగే పడవలో, తడి చేతులతో, అటూ ఇటూ కొట్టుకునే గుడ్డను హుక్‌కు తగిలించాలి కదా, ఆ వెసులుబాటు కావాలి.
6. క్లచ్ కాక్‌పిట్ వైపు అంచు దగ్గర తాడు చుట్టూ పేపర్ టేపు చుట్టి, దాని అంచు వెంట మార్కర్‌తో సన్నగా గీయండి. తర్వాత టేపు కదిలినా గీత మిగులుతుంది.
7. కన్నును హుక్‌కు తగిలించి, లఫ్ బిగిసేదాకా హాల్యార్డ్ లాగి క్లచ్ మూయండి.
8. ఇప్పుడు మొదటి రీఫ్ తాడు లాగండి. క్లూ కన్ను బూమ్‌ను ఆనుకుని, సెయిల్ అడుగు అంచు వెనక్కి కూడా బిగిసేదాకా వించ్ తిప్పండి. క్లచ్‌కు మాస్ట్ వైపు 5 సెంటీమీటర్ల దూరంలో టేపు, గీత.
9. రెండో రీఫ్‌కు, మూడోది ఉంటే దానికీ ఇదే వరస.
10. కొలతలన్నీ రాసుకోండి: తాడు చివరినుంచి ఒక్కో గీత ఎంత దూరమో. రేపు తాడు మార్చాల్సి వస్తే ఈ కాగితమే సగం పని చేసిపెడుతుంది.

ఎనిమిదో అంచెలో ఒక్క నిమిషం ఆగి క్లూ దగ్గర చూడండి. రీఫ్ తాడు క్లూను కిందికీ వెనక్కీ రెండువైపులా లాగాలి. కిందికి మాత్రమే లాగుతుంటే బూమ్ మీద ఆ తాడు కట్టిన చోటు సరిగా లేదన్నమాట. ముందు దాన్ని సరిచేసి, తర్వాత కొలవండి.

ట్యాక్‌నూ క్లూనూ ఒకే తాడుతో లాగే పడవలో హుక్ ఉండదు. అక్కడ అయిదో అంచెలోని వెసులుబాటు అక్కర్లేదు. హాల్యార్డ్‌ను సరిగ్గా ట్యాక్ కిందికి చేరేంతే వదిలి గుర్తు పెట్టండి.

చాలామంది "బిగించాక హాల్యార్డ్ ఎక్కడిదాకా రావాలి" అన్నదానికీ మరో గుర్తు వేస్తారు. నేను వద్దంటాను. లఫ్ ఎంత బిగించాలన్నది గాలినిబట్టి మారుతుంది. స్లైడ్ స్లైడ్‌కూ మధ్య అడ్డంగా ముడతలు కనిపిస్తే ఇంకా లాగాలి. ఈ విషయంలో గుర్తుకన్నా సెయిలే నిజం చెబుతుంది.

## 7. కుట్టు వేయడం

నీళ్లమీద కాకుండా, కూర్చుని తీరిగ్గా చేసుకునే పని ఇది. హాల్యార్డ్‌ను మాస్ట్‌లోంచి పూర్తిగా తీయక్కర్లేదు, గుర్తు పడే భాగం ఒళ్లోకి వస్తే చాలు.

ముందు తాడు పైతొడుగును చేత్తో నిమిరి సాఫీగా చేయండి. తొడుగు ఒకచోట పోగైతే కుట్టు తప్పుచోట పడుతుంది.

1. సుమారు 70 సెంటీమీటర్ల దారాన్ని ఒంటిపేటగా ఎక్కించండి. చివర ముడి వేయకండి, అది క్లచ్‌లో గడ్డలా తగులుతుంది.
2. గీతకు ఒక సెంటీమీటరు పక్కనుంచి సూదిని తాడు గుండెలోంచి (పైతొడుగు లోపలి పోగుల కట్టలోంచి) ఏటవాలుగా గుచ్చి గీత దగ్గర తేల్చండి. మొదట్లో 2 సెంటీమీటర్ల తోక వదిలి, దాన్ని తర్వాతి కుట్ల కింద కప్పేయండి.
3. సూది పోగుల మధ్యనుంచి పోవాలి. అడ్డు తగిలినట్టుంటే వెనక్కి తీసి, కాస్త తిప్పి మళ్లీ గుచ్చండి. బలవంతంగా తోస్తే పోగులు తెగుతాయి.
4. బయటికొచ్చిన దారాన్ని తాడు చుట్టూ పావు వంతు ఒంటిమీదుగా నడిపి మళ్లీ లోపలికి దించండి, అవతలి పక్క తేల్చండి. ఇలా చుట్టూ తిరుగుతూ రండి.
5. మొదటి చుట్టు పూర్తయ్యాక దాన్ని ఆనుకునే రెండో చుట్టు, మూడో చుట్టు, అలా వేస్తూ పోండి. సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ తయారవుతుంది.
6. ప్రతి కుట్టునూ దారం తొడుగు అల్లికలోకి దిగేంత లాగి ఆపండి. తాడు నడుము నొక్కుకుపోయేంత లాగకండి.
7. చివర్లో సూదిని గుండెలోంచి మూడుసార్లు అటూ ఇటూ దాటించి, దారాన్ని తాడు ఒంటికి సమంగా కత్తిరించండి.

ఆఖరి కొసను లైటర్‌తో కాల్చడం చాలామందికి అలవాటు. ఇక్కడ మానుకోండి. కరిగి గట్టిపడిన చుక్క అరచేతిని గీరుతుంది. పైగా డైనీమా (చాలా గట్టి కృత్రిమ పోగు) గుండె ఉన్న తాడైతే ఆ పోగులు సుమారు 150 డిగ్రీల వేడికే కరుగుతాయి. మంటకు అది లెక్కలోదే కాదు.

డైనీమా తాళ్ల గురించి మరొక్క మాట. వాటిలో పైతొడుగు లోపలి గుండె మీద జారే అవకాశం ఉంటుంది. తొడుగుకు మాత్రమే కుట్టిన గుర్తు దాంతోపాటే జారుతుంది. కుట్టు తప్పకుండా గుండెలోంచి పోవాలి.

## 8. చీకట్లో చదవగలిగేలా

రంగును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రాత్రి చూపు చెడకుండా ఎర్ర లైటు వాడతాం. ఆ వెలుగులో ఎరుపు దారం తెల్ల తాడులో కలిసిపోయి కనబడదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్లున్న మనిషి కూడా మీ పడవలో ఉండొచ్చు. నలుపు, ముదురు నీలం లేత తాళ్ల మీద ఏ లైటులోనైనా తేలతాయి.

అసలు భాష పట్టీల లెక్క:

- ఒక పట్టీ: మొదటి రీఫ్
- రెండు పట్టీలు: రెండో రీఫ్
- మూడు పట్టీలు: మూడో రీఫ్

పట్టీకీ పట్టీకీ మధ్య వేలి వెడల్పు ఖాళీ వదిలితే బొటనవేలితో తడిమి లెక్కపెట్టొచ్చు. హాల్యార్డ్ మీదా రీఫ్ తాడు మీదా లెక్క ఒకటే ఉండాలి. పట్టీలు రెండు మూడు ఉన్నప్పుడు గీతకు ఏ పట్టీ అంచు పెట్టాలన్నది కూడా తేల్చుకోండి: హాల్యార్డ్‌కు మాస్ట్ వైపు పట్టీ, ఎందుకంటే ముందుగా క్లచ్‌ను చేరేది అదే.

## 9. నీటి మీద పరీక్ష

కుట్టడానికి ముందే, టేపు గుర్తులతోనే ఒకసారి పరీక్షించి వస్తే విప్పి కుట్టే పని తప్పుతుంది. మధ్యరకం గాలి చాలు. లైఫ్ జాకెట్ వేసుకోండి. మాస్ట్ దగ్గరికి వెళ్లే మనిషి సేఫ్టీ పట్టీ తగిలించుకోవాలి.

జిబ్ లాగుతూ ఉండగా గాలికి కాస్త ఏటవాలుగా నడుస్తూ:

1. టాపింగ్ లిఫ్ట్ గుర్తు దాకా.
2. వ్యాంగ్ వదలండి, సెయిల్‌లో గాలి పోయేదాకా మెయిన్ షీట్ వదలండి.
3. హాల్యార్డ్ గుర్తు దాకా.
4. ట్యాక్ హుక్‌కు.
5. హాల్యార్డ్ గట్టిగా బిగించండి.
6. రీఫ్ తాడు గుర్తు దాకా.
7. టాపింగ్ లిఫ్ట్ వదులు, మెయిన్ షీట్ లోపలికి, చివరగా వ్యాంగ్.

అయిదు, ఆరు తారుమారు చేయకండి. లఫ్ బిగించకుండా క్లూ లాగితే ట్యాక్ కన్ను హుక్ నుంచి ఊడుతుంది, స్లైడ్ల మీద భారం పడుతుంది.

## 10. తేడా వస్తే

గుర్తు దాకా వదిలాను, సెయిల్ దిగలేదు. గుర్తు తప్పు కాదు. స్లైడ్లు పట్టేస్తున్నాయి, లేదా సెయిల్‌లో ఇంకా గాలి ఉంది. మెయిన్ షీట్ ఇంకా వదలండి, లఫ్‌ను చేత్తో కిందికి లాగండి. హాల్యార్డ్ మాత్రం ఇంకా వదలొద్దు. వదులైన తాడు పైన స్ప్రెడర్‌కు (మాస్ట్ పక్కలకు చాచిన కర్రకు) చుట్టుకుంటుంది.

రీఫ్ తాడు గుర్తు రాకముందే బిగుసుకుంది. వించ్‌తో బలం పెట్టకండి. వ్యాంగ్ వదలడం మరిచారేమో, బూమ్ చివర సెయిల్ మడత కప్పీలో పడిందేమో చూడండి. ఇలాంటప్పుడు బలం పెడితే సెయిల్ చిరుగుతుంది.

గుర్తు వచ్చింది, క్లూ ఇంకా పైనే ఉంది. తాడు సాగింది. మళ్లీ బిగించి కొలిచి, గుర్తును కాక్‌పిట్ వైపు కాకుండా మాస్ట్ వైపు జరపాలి.

సెల్ఫ్ టైలింగ్ వించ్ (తాడు కొసను తానే పట్టుకునే వించ్) దవడల్లో గుర్తు పట్టుకుంటోంది. కుట్టు మందమైంది. విప్పి, తక్కువ చుట్లతో పలచగా వేయండి.

## 11. ఫర్లింగ్ తాడు

ఇది లాగే తాడు, కాబట్టి నియమం మాస్ట్ వైపుదే. లాగుడు ఉండగానే కొలవాలి. గాలి గట్టిగా ఉన్నప్పుడు సెయిల్ బిగుతుగా చుట్టుకుంటుంది, అంతే సెయిల్ చుట్టడానికి తాడు కొంచెం తేడాగా వస్తుంది. అందుకే నిశ్చలమైన పూట పెట్టిన ఫర్లింగ్ గుర్తును గాలిలో ఒకసారి సరిచూసి తీరాలి. ఒక్కో గుర్తుకు జిబ్ షీట్ కారు (జిబ్‌ను లాగే తాడు వెళ్లే, జరపగలిగే కప్పీ) ట్రాక్ మీద ఎక్కడుండాలో అక్కడ కూడా అన్నే గీతలు పెట్టుకోండి.

## 12. గుర్తు ఎప్పుడు మార్చాలి

- [ ] హాల్యార్డ్ సెయిల్ వైపు కొస కత్తిరించి మళ్లీ ముడి వేసినప్పుడు. 10 సెంటీమీటర్లు కత్తిరిస్తే కొత్త గుర్తు 10 సెంటీమీటర్లు తాడు తోక వైపు జరగాలి.
- [ ] తాడును తలకిందులు చేసి ఎక్కించినప్పుడు.
- [ ] కొత్త సెయిల్ వచ్చినప్పుడు. రీఫ్ కన్నుల ఎత్తు పాతదానిలాగే ఉంటుందని అనుకోవద్దు.
- [ ] క్లచ్ మార్చినప్పుడు, దాని చోటు జరిపినప్పుడు.
- [ ] సీజన్ మొదట్లో సరిచూసినప్పుడు అయిదు సెంటీమీటర్లకు మించి తేడా కనిపిస్తే.

పాత గుర్తు తీసేటప్పుడు కత్తెర మొనను దారం కింద పైపైనే దూర్చి ఒక్కో కుట్టే తెంపండి, ముక్కల్ని పట్టకారుతో లాగండి. బ్లేడు వాడితే తొడుగు తెగుతుంది. పాత కుట్టు మొత్తం పోయిందని వేలితో తడిమి చూసుకున్నాకే కొత్తది మొదలుపెట్టండి. ఒకే తాడు మీద పాతదీ కొత్తదీ రెండూ ఉండకూడదు.